సేనాని సాహుకారు : విలియం పామర్ జీవితము

మన ప్రాంతపు చరిత్రను చదువగోరు వారికి రాజుల కథలు, కోటల కథలు కావలసినన్ని దొరకును. మెదకు కోటను గూర్చియు, కాకతీయులను గూర్చియు, కుతుబుషాహీలను గూర్చియు పెద్దలు వ్రాసిన గ్రంథములు కలవు. కాని రాజు కోటలో నుండగా ఆయన సైనికులకు జీతమెవ్వ రిచ్చిరి, ఆ జీతపు సొమ్ము ఏ చేలలో పండెను, నడుమ ఎవరెవరి చేతులు మారెను అను సంగతులను తెలుపు కథలు మాత్రము అరుదు. అట్టివానిలో నొకటి విలియం పామర్ జీవితము. రజతోత్సవ సంచికలో ఒక దొర కథ యేల యని పాఠకులలో కొందఱు అనుకొనవచ్చును. కథ సగము నడచునప్పటికి ఆ సందేహము దానంతటదే తీరగలదు.

పేరును బట్టి ఆయనను పామరుడని తలపరాదు. ఇంగ్లీషు, ఫారసీ భాషలు రెండును ఎఱిగి, ఇటు నవాబుల దర్బారులోను, అటు దొరల విందులలోను సమానముగ మన్నన నొందినవాడు. ఒకప్పుడు హైదరాబాదు నగరమున దివానుకంటె ఆయన మాటయే హెచ్చుగా చెల్లుచుండెనని ప్రజలనుకొనుచుండిరి.

పామర్ 1780లో జన్మించెను. తండ్రి పేరును విలియం పామరే. ఆ తండ్రి ఈస్టిండియా కంపెనీ సేనలో ఉద్యోగి. గవర్నరు జనరలగు వారన్ హేస్టింగ్సునకు ఆప్తుడు. ఆయన లక్నోలో అవధు నవాబు దర్బారునందును, తరువాత పూనాలో పీష్వా దర్బారునందును కంపెనీ ప్రతినిధిగా నుండి, జనరలు హోదాకు వచ్చెను. తల్లి ఫైజ్ బక్ష్ బేగము ఢిల్లీకి చెందిన ఒక ఘరానా మహమ్మదీయ కుటుంబపు స్త్రీ. 1785 ప్రాంతమున లక్నోలో చిత్రింపబడిన ఆ కుటుంబపు వర్ణచిత్ర మొకటి లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందు నేటికిని కలదు. తండ్రి కుర్చీపై కూర్చుండి యుండగా, బేగము పసిబిడ్డతో నేలపై కూర్చుండి యున్నది. ప్రక్కన నిలిచిన అయిదారేండ్ల బాలుడే మన కథానాయకుడు. ఆ పసిబిడ్డ తమ్ముడు హేస్టింగ్సు పామర్. తండ్రి తన ప్రభువు పేరునే బిడ్డకు పెట్టుకొనెను.

ఆ బాలుని తండ్రి ఇంగ్లండు పంపి చదివించెను. కొడుకు తనవలెనే కంపెనీ సేనలో చేరి పెద్దవాడు కావలెనని ఆయన కోరిక. కాని కుఱ్ఱవాడు చదువుచుండగనే దారి మూసుకొనిపోయెను. లార్డు కారన్వాలిసు కాలమున, 1791లో, తల్లిదండ్రులలో నొకరు ఈ దేశస్థులైనవారికి కంపెనీ కొలువున సేనలోగాని, సివిలు శాఖలోగాని, నౌకాశాఖలోగాని ఉద్యోగ మీయరాదని ఉత్తరువు పుట్టెను. జనరలు కొడుకైన నేమి, ఇంగ్లండులో చదివిన నేమి, తల్లి హిందూస్థానపు స్త్రీ కనుక పనికిరాడు. ఈ యొక్క ఉత్తరువు లేకుండినచో, పామర్ కంపెనీవారి వందలకొలది సైనికోద్యోగులలో ఒకడై, ఊరును పేరును తెలియకుండ గడచిపోయి యుండెడివాడు.

అట్టి యువకులకు స్వదేశ సంస్థానములే దిక్కు. అందు హైదరాబాదు ముఖ్యమైనది. అక్కడ కంపెనీ రెసిడెంటుగా నున్న జేమ్సు కిర్కుపాట్రికు స్వయముగా హైదరాబాదు ఉమ్రావు కుటుంబపు కన్యయగు ఖైరున్నీసాను వివాహమాడినవాడు; పామర్ కుటుంబమునకు స్నేహితుడు. ఆయన సాయముచే 1799లో, పందొమ్మిదవ యేట, పామర్ నిజాం అలీఖాను సేనలో ఉద్యోగమున ప్రవేశించెను.

ఆయన వచ్చుటకు ఒక యేడు ముందు హైదరాబాదులో జరిగిన సంగతి యొకటి ఇచ్చట చెప్పవలెను. పామర్ తరువాతి జీవితమునకు అది పునాది వంటిది. ఫ్రెంచి సేనాని రేమాన్ నిజామునకు పదునాలుగు వేల సిపాయిలతో గొప్ప సేనను తీర్చియుండెను. మూసారామ్ అని మన వారు పిలిచెడి ఆ రేమాన్ 1798 మార్చిలో చనిపోయెను. అదే సంవత్సరము అక్టోబరులో కంపెనీవారు ఆ సేనను చుట్టుముట్టి రద్దు చేసిరి. యుద్ధము కాలేదు, రక్తము చిందలేదు. ఏలయనగా సిపాయిలకు జీతములు బకాయి పడియుండెను. వారు తమ ఫ్రెంచి నాయకులపైననే తిరుగబడి యుండిరి. బకాయి చెల్లింతు మనగానే ఆయుధములు దించిరి. ఫిరంగులు, తుపాకులు ఎన్ని యున్నను జీతము లేని సేన సేన కాదని హైదరాబాదు కంతటికి తెలిసివచ్చిన దినమది.

పామర్ పదేండ్లకు పైగా నిజాం సేనలో పనిచేసి బ్రిగేడియరు హోదాను పొందెను. ఆయన శౌర్యమును గూర్చి చెప్పుటకంటె, ఆ యేండ్లలో ఆయన ఏమి చూచెనో చెప్పుట ఈ కథకు ఎక్కువ ముఖ్యము. 1803లో నిజాం అలీఖాను గతించి సికందర్ జా గద్దె నెక్కెను. కొంతకాలమునకు దివాను పదవి మునీరుల్ముల్కునకు దక్కినను, అధికార మంతయు పేష్కారగు రాజా చందూలాలు చేతికి వచ్చెను. చందూలాలు పంజాబు ప్రాంతపు ఖత్రీ వంశమువాడు, ఉర్దూ ఫారసీలలో కవిత్వము చెప్పినవాడు, దానమునకు పేరుగాంచినవాడు. కాని ఖజానాలో ఏనాడును రొక్కము నిలువలేదు. సిపాయికి ఆరు నెలల జీతము, ఏడాది జీతము నిలిచిపోవుచుండెను. నిలిచినప్పుడెల్ల వారు తమ జమేదారు గుమ్మము ముందరనో, పేష్కారు దేవిడీ ముందరనో ధర్నా కూర్చుండి, లోపలివారిని బయటికిగాని బయటివారిని లోపలికిగాని పోనీయకుండిరి. అప్పుడు బేగంబజారు, కార్వాను సాహుకార్లను పిలిపించి అప్పు తెచ్చుటయు, ఆ అప్పునకు బదులు ఏదో ఒక తాలూకా శిస్తుపై తన్ఖా వ్రాసి యిచ్చుటయు వాడుకయయ్యెను.

తన్ఖా యను మాట నేటి యువకులకు జీతమను అర్థముననే తెలియును. ఆ కాలమున అది కాగితము. ఫలానా తాలూకా రకము నుండి ఇన్ని వేలు ఈ కాగితము గలవానికి చెల్లింపుమని సర్కారు వ్రాసి యిచ్చిన చీటి. సాహుకారు ఆ చీటిని తీసికొని, వెంట అరబ్బు జవానులను వేసికొని, తాలూక్దారు వద్దకు పోవును. తాలూక్దారు జీతగాడు కాడు, గుత్తదారు. తాలూకాను వేలములో పాడుకొనినవాడు. రేపు మఱియొకడు హెచ్చు పాడినచో తన గుత్త పోవును కనుక, చేతనున్నప్పుడే పిండుకొనవలెనని ఆతని తొందర. ఆతడు దేశముఖు, పటేలు, పట్వారీల మీద పడును. వారు రైతు మీద పడుదురు. రైతు చేనిలో నున్న పైరును కోతకు ముందే ఊరి కోమటికి అయినకాడికి అమ్మి కిస్తు కట్టును. సిపాయి గుమ్మము ముందర కూర్చున్న ధర్నా ఈ విధముగ మెట్టు మెట్టు దిగి, కట్టకడపట గ్రామమున పొయ్యి వద్దకు వచ్చి కూర్చుండెడిది.

సైనికుడై ఈ జీతముల బాధను చూచిన పామర్, తాను సాహుకారైనచో ఈ పనిని చక్కగా, క్రమముగా నడుపవచ్చునని తలచెను. ఆయనకు మూడు బలములుండెను. మొదటిది, సేనలోని అందఱితోడి పరిచయము. రెండవది, దర్బారునందు చందూలాలు విశ్వాసము. మూడవది, కలకత్తాలో వర్తకుల రాజని పేరొందిన సవతి యన్న జాన్ పామర్. సైనికోద్యోగము విడిచి, 1814 నాటికి రెసిడెంటు హెన్రీ రసెలు ప్రోత్సాహముతో, కంపెనీ సర్కారు ఆమోదముతో, విలియం పామర్ అండ్ కంపెనీ యను కోఠీని రెసిడెన్సీకి సమీపమున మూసీ ఉత్తరపు ఒడ్డున స్థాపించెను. తమ్ముడు హేస్టింగ్సు పామర్ అందు భాగస్వామి. గుజరాతీ సాహుకారు బంకటీదాసు మఱియొక భాగస్వామి. తెల్లవారి కోఠీ యని పేరేగాని, పద్ధతులు చాలవఱకు మన సాహుకార్లవే. హుండీలు, తన్ఖాలు, బట్టా లెక్కలు అన్నియు అవే.

మొదట వీరి యోచనలు పెద్దవి. గోదావరీ తీరపు అడవుల నుండి టేకు మ్రానులను నదిలో దింపి సముద్రతీరమునకు చేర్చి, ఓడల నిర్మాణమునకు అమ్మవలెననునది అందొకటి. బేరారు ప్రత్తి వ్యాపారము మఱియొకటి. గోదావరిని పడవల దారిగ చేయవలెనను ఆశ అనేకుల నూరించి విఫలము చేసినదే; తరువాత కాటను దొరయు ఆ ఆశను విడువలేదు. కాని కలపకంటె ప్రత్తికంటె రొక్కమునకే గిరాకి హెచ్చుగా నుండెను. కొలది కాలముననే కోఠీకి ముఖ్య వ్యాపారము ఒక్కటే యయ్యెను: నిజాం సర్కారునకు అప్పిచ్చుట.

ఇందు ఒక చిక్కు కలదు. బ్రిటిషు ప్రజలెవ్వరును గవర్నరు జనరలు అనుమతి లేక స్వదేశ రాజులకు అప్పు లీయరాదని 1797లో పార్లమెంటు చట్టము చేసియుండెను. ఆర్కాటు నవాబునకు మద్రాసు దొరలు అప్పులిచ్చి ఆ రాజ్యమును గుల్ల చేసిన అనుభవము వలన పుట్టిన చట్టమది. పామర్ కోఠీకి 1816 జులైలో ఆ చట్టము నుండి మినహాయింపు దొరకెను. రెసిడెంటు ఎప్పుడు కోరినను తమ వ్యవహారముల వివరములను తెలుపవలెననునది షరతు. రసెలు ఆ హక్కును వినియోగించుకొనలేదు. ఇతడును లాభములో పాలుగలవాడని ఆ కాలముననే అనుమానించినవారు కలరు.

ఆ మినహాయింపు వెనుక మఱియొక కారణము కలదు. సర్ విలియం రంబోల్డను ప్రభువంశీయుడు కోఠీలో క్రొత్తగా భాగస్వామి యయ్యెను. అప్పటి గవర్నరు జనరలగు లార్డు హేస్టింగ్సు తన బిడ్డవలె పెంచిన కన్య ఆతని భార్య. ఈ లార్డు హేస్టింగ్సు వేఱు, వెనుకటి వారన్ హేస్టింగ్సు వేఱు. ఇరువురకును చుట్టఱికము లేదు. రంబోల్డు రాకతో కోఠీకి కలకత్తా గవర్నమెంటు హవుసులోనే అండ దొరకెనని లోకులు గ్రహించిరి. డిపాజిట్లు వచ్చిపడెను. సికందరాబాదు లష్కరులోని తెల్లదొరలు, నగరపు పెద్దమనుషులు తమ సొమ్మును తెచ్చి నూటికి పండ్రెండు వడ్డీకి కోఠీలో ఉంచిరి. కోఠీ ఆ సొమ్మునే సర్కారునకు దాదాపు ఇరువదినాలుగు వడ్డీకి ఇచ్చెను. ఇరువదినాలుగు వడ్డీ నేటి చెవులకు కఠోరముగ వినబడినను, ఆ కాలపు హైదరాబాదులో అదేమియు వింత గాదు. బజారు సాహుకార్లు అంతకు తక్కువకు ఇచ్చినది లేదు. పామర్ పక్షమువారు చూపెడి ముఖ్యమైన న్యాయము ఇదియే, ఇందు కొంత నిజమును కలదు.

ఔరంగాబాదు వైపున నున్న నిజాం సేనకు నెలనెల జీతము చెల్లించు భారమును కోఠీ వహించెను. నెలకు రెండు లక్షల రూపాయలు. సిపాయికి మొదటి తారీఖున జీతము చేతిలో పడుట ఆ రాజ్యమున వింతయే. ధర్నాలు తగ్గెను. తాను సిపాయియై యున్నప్పుడు చూచిన బాధను పామర్ తాను సాహుకారై నివారించెను. ఇది ఆయన జీవితమున గొప్ప కార్యమనుటకు సందేహము లేదు. కాని ఆ రెండు లక్షలకు హామీ యేమి? జిల్లాల శిస్తుపై తన్ఖాలు. సేన బాధ తీరెను. ఆ భారము తిన్నగ గ్రామము మీదికి పోయెను, అంతే. పైగా ఆ సేన నిజామునకు నిజముగ అవసరమా యని అడిగినవాడు లేడు. రెసిడెంటు పర్యవేక్షణమున ఇంగ్లీషు దొరల చేతిక్రింద పెరిగిన ఆ సేనకు, కాంటింజెంటను పేరు వచ్చిన తరువాత, సాలునకు నలువది లక్షల వఱకు వ్యయమగుచుండెను.

1820లో పెద్ద అప్పు వచ్చెను. అఱువది లక్షల రూపాయలు. పాత బాకీలు తీర్చి, సేన బకాయిలు చెల్లించి, రైతులకు తకావి యిచ్చి వ్యవసాయమును బాగుచేయుటకని చెప్పి చందూలాలు ఈ అప్పును కోరెను. కలకత్తా కౌన్సిలులో సభ్యులు రెండుగా చీలిరి. గవర్నరు జనరలు తన అదనపు ఓటు వేసి దానిని మంజూరు చేసెను.

ఆ యేడాది చివరనే రసెలు పోయి, చార్లెసు మెట్కాఫు రెసిడెంటుగా వచ్చెను. రంబోల్డు ఆతనికి పూర్వ పరిచితుడే. పామర్ కుటుంబమును ఎఱిగినవాడే. కాని మెట్కాఫు ఆ స్నేహమును ప్రక్కన పెట్టి జిల్లాలలో సంచారము చేసెను. ఏండ్ల తరబడి గుత్తదారుల చేత పిండబడిన గ్రామములను, పడావు పడిన భూములను, ఊళ్లు విడిచి పోయిన రైతులను చూచెను. ఆపైన కోఠీ లెక్కలను అడిగెను. అప్పుడు బయటపడిన దేమన, అఱువది లక్షలలో సర్కారు ఖజానాకు క్రొత్తగా వచ్చిన రొక్కము దాదాపు లేదు. చాలవఱకు పాత బాకీయే క్రొత్త పేరున వ్రాయబడెను. దానిపై ఎనిమిది లక్షలు కోఠీవారి ఇనామగా అసలులో కలుపబడెను. రైతుకు ఇత్తుమన్న తకావి కాగితము దాటి రాలేదు. రెసిడెన్సీలోని వైద్యుడును, మఱికొందఱు ఉద్యోగులును ఒకప్పుడు కోఠీలో పాలుగలవారేయనియు తెలిసెను.

అఱువది లక్షలలో ఎనిమిది లక్షలనగా ఎంత? నూటికి పదమూడు పైచిలుకు. ఊరి కోమటి పది పుట్ల వడ్లు అప్పిచ్చి, చిట్టాలో పదకొండున్నరగా వ్రాసికొని, ఆ పదకొండున్నరకు వడ్డీ కట్టిన లెక్క. మన ఊళ్లలో ఇట్టి లెక్కను చూడని తాతలు లేరు.

మెట్కాఫు ఊరకుండలేదు. నిజాం సర్కారు ఈ అప్పును వెంటనే తీర్చి కోఠీ నుండి విడిపోవలెనని కలకత్తాకు వ్రాసెను. గ్రామములలో తెల్ల ఉద్యోగులను నియమించి, కొన్నేండ్లకు మారని శిస్తు నిర్ణయించి, పటేళ్లకు రైతులకు కౌళ్లు ఇప్పించెను. ఈ ఏర్పాటు 1829లో క్రొత్త నిజాం నాసిరుద్దౌలా కోరికపై తొలగింపబడు వఱకు నడచెను. లార్డు హేస్టింగ్సునకు మెట్కాఫుపై గొప్ప కోపము వచ్చెను. తన యింటివారిని అవమానించినట్లు తలచెను. కాని ఆయన 1823 ప్రారంభమున పదవి విడిచి పోయెను. ఆ యేడాదిలోనే లెక్క తేలిపోయెను.

అప్పు తీర్చిన విధము తెలుగువారందఱును తెలిసికొనదగినది. శ్రీకాకుళము మొదలు గుంటూరు వఱకు గల ఉత్తర సర్కారులను కంపెనీవారు 1766 నుండి క్రమముగ నిజాము నుండి పొందియుండిరి. అందులకుగాను ఏటేట ఏడు లక్షల రూపాయల పేష్కషు హైదరాబాదునకు చెల్లించుచుండిరి. ఇప్పుడు ఆ ఏడు లక్షలను నూటికి ఆరు చొప్పున వడ్డీగ లెక్కకట్టి, దానికి అసలు ఒక కోటి పదునాఱు లక్షల అఱువదియాఱు వేల పైచిలుకు అని తేల్చి, ఆ మొత్తమును ఒక్కమాఱుగ కంపెనీ ఇచ్చెను. ఏటేటి పేష్కషు శాశ్వతముగ రద్దయ్యెను. ఆ సొమ్ములో పెద్దభాగము పామర్ కోఠీ బాకీకి పోయెను. తీరాంధ్రముపై ఆసఫ్‌జాహీలకు మిగిలిన కడపటి గుర్తు ఈ విధముగ ఒక సాహుకారు చిట్టాలో కొట్టివేతయై ముగిసెను.

బాకీ వసూలైనను కోఠీ నిలువలేదు. సర్కారుతో వ్యవహారము నిషిద్ధమయ్యెను. డిపాజిటుదారులు గుమ్మము వద్దకు వచ్చిరి. ఉమ్రావులకు ఇచ్చిన అప్పులు చేతికి రాలేదు. దివాను మునీరుల్ముల్కు కుటుంబపు బాకీయే ఎన్నో యేండ్ల వ్యాజ్యమయ్యెను. 1824లో కోఠీ దివాలా తీసెను. జీవితమంతయు కూడబెట్టిన సొమ్మును అందుంచిన సైనికోద్యోగులు అనేకులు నష్టపడిరి. లండనులో కంపెనీ వాటాదారుల సభలో ఈ విషయమై దినముల తరబడి వాదములు జరిగెను. హైదరాబాదు పత్రములను పేర కోఠీ లేఖలు, లెక్కలు బృహద్గ్రంథముగ అచ్చుపడెను. కలకత్తాలోని అన్న జాన్ పామర్ వ్యాపారమును 1830 జనవరిలో కూలిపోయెను.

ఇక్కడ పామర్ గుణమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఆయనను దోపిడికాడని మెట్కాఫు పక్షమువారు, తల్లి జాతిని బట్టి పగబట్టి ఆయనను కూల్చిరని పామర్ పక్షమువారు వ్రాసిరి. రెండును సగము సగమే. బజారు సాహుకార్లు అదే వడ్డీని తీసికొనుచున్నను వారిపై ఏ రెసిడెంటును కత్తి దూయలేదు. పామర్ మీద దూయుటకు కంపెనీ పెత్తనమును, కలకత్తా రాజకీయమును కారణములు. అయినను ఆ ఎనిమిది లక్షల లెక్కకు, రైతుకు చేరని తకావికి ఏ సమాధానమును లేదు. సిపాయి కష్టమును అంత చక్కగా గ్రహించినవాడు రైతు కష్టమును గ్రహింపలేదు. ఆయన తాను చూచిన గుమ్మముల నెఱుగును, చూడని గుమ్మముల నెఱుగడు.

దివాలా తీసిన తెల్ల వర్తకులు సామాన్యముగ ఓడ యెక్కి వెళ్లిపోవుదురు. పామర్ వెళ్లలేదు. నలువదినాలుగేండ్ల వయస్సున సర్వము పోగొట్టుకొని, తాను నష్టపెట్టిన వారి నడుమనే, ఆ నగరముననే మఱి నలువదిమూడేండ్లు జీవించెను. తండ్రి 1816లోనే గతించియుండగా, ముసలి తల్లి బేగము కొడుకు వద్దనే హైదరాబాదులో ఉండెను. ధనము పోయినను ఇంటికి వచ్చువారు తగ్గలేదు. ఇటు ఉమ్రావులు, మున్షీలు, అటు లష్కరు దొరలు ఒకే గదిలో కూర్చుండి మాటలాడుకొనగల ఇల్లు ఆ నగరమున అది తప్ప అరుదు. రెండు జాతుల నడుమ పుట్టి ఇరుప్రక్కల సంపూర్ణముగ చెందనివారికి ఆయన పెద్దదిక్కువంటివాడు. నగరపు తగవులలో, దర్బారు మర్యాదలలో, పాత కాలపు సంగతులలో ఆయన నడుగక ముందునకు పోరాదని పలువురి భావము.

ఆ యింటికి వచ్చుచుండిన యువకులలో ఒకనిని మన మెదకువారు ప్రత్యేకముగ తెలిసికొనవలెను. ఫిలిప్ మెడోసు టైలరు 1824లో, పదునాఱేండ్ల ప్రాయమున, బొంబాయిలో వర్తకము నేర్వ వచ్చి, ఆ వర్తకుని స్థితి మంచిది గాదని తెలిసి, నిజాం సేనలో చేరిన ఇంగ్లీషు కుఱ్ఱవాడు. కొంతకాలము పోలీసు ఉద్యోగియై సదాశివపేటలో మకాముండి, ఆ ప్రాంతపు బాటలను, సంతలను కనిపెట్టి చూచినవాడు. సదాశివపేట చిరకాలము మెదకు జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాకు చెందినది. తక్కువ తూకములు తూచెడి బజారువారిని ఆతడు అదుపులో పెట్టిన కథను తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆ టైలరు పామర్ ఇంట మొగలుల చరిత్రను, దర్బారు మర్యాదలను నేర్చుకొనెను. ముసలి బేగమును గౌరవముతో దర్శించెను. 1832 ప్రాంతమున పామర్ కుమార్తె మేరీని వివాహమాడెను. 1839లో టైలరు వ్రాసిన థగ్గు కథ లండనులో గొప్ప పేరు పొందెను. దక్కనును గూర్చి ఆతడు వ్రాసిన తరువాతి నవలలకును మూలమైన పరిచయము చాలవఱకు పామర్ ఇంటి ముంగిటనే మొదలయ్యెను. ఒక సాహుకారు కొలువులో ధనము కరగిపోయినను, ఒక గ్రంథకర్త తయారయ్యెను.

గ్రంథాలయ సభ్యులకు ఇచ్చట మఱియొక చిన్న సంగతి రుచించవచ్చును. పామర్‌ను కూల్చిన మెట్కాఫే తరువాత తాత్కాలిక గవర్నరు జనరలై 1835లో పత్రికలపై నిర్బంధములను తొలగించెను. అందులకు కృతజ్ఞతగ కలకత్తాలో ఆతని పేర కట్టబడిన మెట్కాఫు హాలులోనే 1844 నుండి కలకత్తా పబ్లికు లైబ్రరీ నడచెను. నేటి జాతీయ గ్రంథాలయమునకు మూలము అదియే.

పామర్ వృద్ధుడగుచుండగా హైదరాబాదు సర్కారు పాత దారినే నడచెను. పామర్ కోఠీ పోగా పేస్తన్‌జీ యను పారశీక సాహుకారు అప్పులిచ్చి, బేరారు శిస్తును హామీగ పొంది, కడపట అతడును కూలిపోయెను. చందూలాలు 1843లో పదవి నుండి తొలగి 1845లో గతించెను. కాంటింజెంటు సేన జీతముల బాకీయే పెరిగి పెరిగి, ఈ మాఱు కంపెనీయే అప్పులదారై కూర్చుండెను. 1853లో ఆ బాకీ క్రింద బేరారు నంతయు కంపెనీ పాలనకు అప్పగింపవలసి వచ్చెను. ఔరంగాబాదు సిపాయిలకు నెలనెల జీతమిచ్చుటతో ఆరంభమైన వ్యవహారపు ఫలితమును పామర్ తన కన్నులారనే చూచెను. ఆ యేడాదే సాలార్ జంగు దివానయ్యెను. గుత్తలను తొలగించి, జీతముపై పనిచేయు తాలూక్దారులను నియమించి, 1865లో జిల్లాబందీ చేసినవాడు ఆయనయే. వేలములో పాడుకొనిన తాలూక్దారు మన గ్రామముల నుండి అప్పుడు తొలగెను.

1857 జులై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకత్వమున జనము రెసిడెన్సీపై దాడి చేసిరి. పామర్ అప్పటికి డెబ్బదియేడేండ్ల ముసలివాడు. ఆయన కోఠీ ఒకప్పుడు వెలసిన పేటలోనే తుపాకులు మ్రోగెను. కంపెనీ కొలువునకు పనికిరాడని తన్ను త్రోసివేసిన కంపెనీయే మఱుసటి యేడు రద్దయ్యెను. ఆయన మాత్రము ఇంకను ఉండెను.

కథలోని తక్కిన పాత్రలందఱు ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. లార్డు హేస్టింగ్సు 1826లో, రంబోల్డు 1833లో, మెట్కాఫు 1846లో, రసెలు 1852లో గతించిరి. టైలరు భార్య మేరీ తండ్రికంటె ముందే చనిపోయెను; టైలరు 1860లో ఇంగ్లండు మరలిపోయెను. విలియం పామర్ 1867లో, ఎనుబదియేడవ యేట, తాను పందొమ్మిదేండ్లవాడై వచ్చి చేరిన హైదరాబాదు నగరముననే కన్నుమూసెను.